మందు ఎలా పనిచేస్తుందో తేల్చకుండానే డాక్టరేట్ కొట్టడం ఎలా?

తార్నాకలో మెట్రో దిగి ఒక గంట అటూ ఇటూ తిరగండి. ఒకపక్క ఐఐసీటీ, ఇంకాస్త ముందుకెళ్తే హబ్సిగూడలో సీసీఎంబీ, ఇటు జామై ఉస్మానియా దగ్గర జాతీయ పోషకాహార సంస్థ, ఆ చెంతనే ఉస్మానియా క్యాంపస్. రోగం ఎందుకొస్తుంది, మందు ఒంట్లోకి పోయి ఏం చేస్తుంది అని తలలు బద్దలు కొట్టుకునేవాళ్ళు ఇంత చిన్న జాగాలో ఇంతమంది ఉండటం మీ అదృష్టం. వాళ్ళ తలలు వాళ్ళు కొట్టుకుంటారు, మీ తల మీరు కాపాడుకోండి.

మీకు కావలసినవి మూడే: పేరు ముందు డాక్టర్ అన్న మాట, నెలనెలా ఫెలోషిప్, ఉండటానికి గది. ఈ మూడింటికీ మందు గుట్టు తెలియాల్సిన పని లేదు. కింద చెప్పినట్టు చేయండి.

1. ముగింపు ముందు రాయండి, ప్రయోగం తర్వాత చూసుకోవచ్చు.

ప్రయోగం చేసి, వచ్చినదాన్నిబట్టి ఒక మాట చెప్పడం చాదస్తం. ఏం వస్తుందో తెలియదు, ఎప్పుడొస్తుందో అసలే తెలియదు. ఏం చెప్పదలుచుకున్నారో చేరిన మొదటి వారంలోనే రాసి పెట్టుకుంటే మిగతాదంతా దాని వెనకే నడిచొస్తుంది. ఇదేదో నేను కనిపెట్టింది కాదు. మన ఊళ్ళో నిజాం కాలం నుంచీ ఉన్న విద్య.

క్లోరోఫాం సంగతి తీసుకోండి. 1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ దాన్ని వాడకంలోకి తెచ్చాడు. ఆపరేషన్ బల్ల మీద నొప్పి తెలియకుండా పోయింది, మధ్యమధ్యలో ప్రాణమూ పోయింది. ప్రాణం ఎలా పోతోంది? ముందు ఆగుతున్నది గుండెనా, ఊపిరా? లండన్ డాక్టర్లు గుండె అన్నారు. ఎడిన్‌బరో వాళ్ళు ఊపిరి అన్నారు. హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్, ఇక్కడి మెడికల్ స్కూలు పెద్ద ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరోలో చదివినవాడు. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, నాడి పట్టుకుని కూర్చోనక్కర్లేదని గురువుల దగ్గరే నేర్చుకున్నాడు. అంటే ఓడ దిగేసరికే జవాబు ఆయన పెట్టెలో ఉంది. ఇక కావలసింది ప్రశ్న, కుక్కలు, డబ్బు. డబ్బు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చాడు. 1888లో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ కూర్చుంది, కుక్కలకు మత్తిచ్చి చూసింది, ఊపిరే ముందు ఆగుతుందని తేల్చింది. లండన్ నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది అని నిజాం వెయ్యి పౌన్లు పెట్టాడు. 1889లో లాడర్ బ్రంటన్ అంతటివాడు వచ్చాడు, రెండో కమిషన్‌లో మరిన్ని వందల జంతువులను చూశాడు, ఆయనా లారీ మాటే అన్నాడు.

కిటుకు ఎక్కడుందో గమనించండి. వాళ్ళు అబద్ధం ఆడలేదు. మత్తు బాగా లోతుకు పోయినప్పుడు నిజంగానే ఊపిరి ముందు ఆగుతుంది. మత్తు ఇంకా తేలిగ్గా ఉండి, ఒంట్లో అడ్రినలిన్ పొంగినప్పుడు గుండె కింది గదులు లయ తప్పి, గిలగిలా కొట్టుకుని ఆగిపోతాయి. ఆ సంగతి గుడ్‌మన్ లెవీ 1911లో పిల్లుల మీద చూపించాడు. లారీకి అనుకూలంగా ఉన్న చోటే లారీ వెతికాడు. ఆ మాటతోనే ఇరవై రెండేళ్ళు గడిచిపోయాయి! యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మీకున్నది ఆరేళ్ళు, రీ-రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఇంకో రెండు. మీ మెకానిజం ఎనిమిదేళ్ళు నిలబడితే చాలు.

(నాడి చూడకుండా మత్తిస్తే ఆ రోగులు ఏమయ్యారని అడక్కండి. థీసిస్‌లో రోగులుండరు.)

2. మొక్కను పట్టుకోండి. పసుపయితే మరీ మంచిది.

క్యాంపస్‌లో వేప, కానుగ, తంగేడు, ఏది అందితే అది తెంపండి. ఎండబెట్టి, పొడి కొట్టి, మెథనాల్‌లో నానబెట్టండి. ఆ రసం ఎక్కువ మోతాదులో పోస్తే ఏ కణాలైనా చస్తాయి. వెంటనే క్యాన్సర్ నిరోధక గుణం అని రాయండి. ఉప్పునీళ్ళు ఎక్కువ పోసినా కణాలు చస్తాయన్న మాట మీరు ఎత్తకండి, ఎదుటివాళ్ళూ ఎత్తరు.

పసుపులోని కర్కుమిన్‌ది వేరే దర్జా. దానికి సొంత రంగుంది, కాంతి వెలువరిస్తుంది, కనబడ్డ ప్రోటీన్‌కల్లా అంటుకుంటుంది, కణాలను పెంచే మీడియంలో పడిన కాసేపటికే విడిపోతుంది. కాబట్టి మీ యంత్రం ఏం కొలవబోయినా ఏదో ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకే మీ మెకానిజం. వందకు పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా, రోగికీ డాక్టరుకీ ఏది మందో ఏది ఉత్త గొట్టమో తెలియకుండా చేసిన పరీక్షల్లో కర్కుమిన్ ఒక్కటీ నెగ్గలేదని 2017లో అమెరికా రసాయన శాస్త్రవేత్తలు రాశారు. ఆ పేపరు డౌన్‌లోడ్ చేయకండి. మీ పేపర్లో నిజామాబాద్ పసుపు అని రాయండి, రైతుల పేరు కూడా కలిసొస్తుంది.

నానబెట్టడం కూడా బరువనిపిస్తే డాకింగ్ చేయండి. లాప్‌టాప్‌లో ఒక అణువును ఒక ప్రోటీన్ గుంటలోకి తోయడమే. తోస్తే ఏదైనా దూరుతుంది. మైనస్ ఎనిమిదో తొమ్మిదో స్కోరు వస్తుంది. రంగురంగుల బొమ్మ పెట్టండి, కింద బలంగా అతుక్కుంటోంది అని రాయండి. హాస్టల్ మంచం దిగకుండానే ఒక అధ్యాయం అయిపోతుంది.

3. కణాల పుట్టుపూర్వోత్తరాలు తవ్వకండి.

ఫలానా కణాలు కాలేయానివని పక్క ల్యాబ్ అన్న ఇచ్చాడా? ఇచ్చాడు కాబట్టి అవి కాలేయానివే. చాంగ్ లివర్ అనే కణాలను ప్రపంచమంతా ఏళ్ళ తరబడి కాలేయం అనుకుని వాడింది. తీరా చూస్తే అవి 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే ఆమె గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్ నుంచి తీసిన హీలా కణాలే. ఎక్కడో ఒక సీసాలోకి దూరి, అసలువాటిని తినేసి కూర్చున్నాయి. కాలేయపు మందు కథ గర్భాశయపు కణాల మీద నడిచినా పేపర్లు మాత్రం అచ్చయ్యాయి. డీఎన్ఏ పరీక్షతో ఇది తేలిపోతుంది. అందుకే ఆ పరీక్ష చేయించకండి.

మైకోప్లాస్మా కూడా అంతే. మామూలు మైక్రోస్కోప్‌లో కనబడదు, మీడియం మురిగ్గా మారదు, కణాల తీరు మాత్రం లోపల్లోపల మార్చేస్తుంది. పరీక్షిస్తే ఉందని తెలుస్తుంది. పరీక్షించకపోతే లేదు.

4. కంట్రోల్ పెట్టకండి.

అన్ని చిట్కాల్లోకీ ఇది గట్టిది. మీ రసం నీళ్ళలో కరగదు, డీఎంఎస్‌ఓలో కరిగిస్తారు. ఆ డీఎంఎస్‌ఓ మోతాదు మించితే తనే కణాలను చంపుతుంది. మందు లేకుండా ఉత్త డీఎంఎస్‌ఓ పోసిన గుంట ఒకటి పక్కన పెట్టారనుకోండి, అందులోనూ కణాలు చచ్చి కూర్చుంటాయి. మీరు రెండేళ్ళుగా డీఎంఎస్‌ఓ మీద పీహెచ్‌డీ చేస్తున్నారని మీకే తెలిసిపోతుంది. ఎందుకు తెలుసుకోవడం?

మరీ అడిగితే కంట్రోల్ పెట్టండి, కానీ వేరే రోజు, వేరే ప్లేటులో, వేరే సీసా సీరంతో పెట్టండి. లేదా సీనియర్ థీసిస్‌లోది తెచ్చుకోండి. కంట్రోల్‌కి కాలదోషం పట్టదు.

5. ఎలుకలను చేతికి అందిన వరసలో పంచండి.

బోనులో చెయ్యి పెట్టగానే ముందు దొరికేది నీరసంగా మూల కూర్చున్న ఎలుక. అలాంటివన్నీ మందు ఇవ్వని గుంపులో వేయండి. చివరిదాకా చిక్కకుండా పరిగెత్తిన హుషారు ఎలుకలు మందు గుంపులోకి. మీ మందు మొదటి రోజు నుంచే పనిచేస్తుంది, ఇంకా ఇవ్వకముందే. ఏ ఎలుక ఏ గుంపుదో చూసేవాడికి తెలియకుండా చేయాలని పుస్తకాల్లో ఉంటుంది. చూసేవాడు మీరే అయినప్పుడు మీకు మీరే తెలియకుండా ఉండటం ఎంత అమర్యాద!

చచ్చిన ఎలుకను లెక్కలోంచి తీసేయండి. పోయినవాళ్ళ గురించి చెడ్డగా రాయకూడదు.

6. 0.05 వచ్చేదాకా వదలకండి, వచ్చాక ఒక్క నిమిషం ఆగకండి.

మూడుసార్లు చేశారు, పి విలువ 0.07 వచ్చింది. ఇంకో రెండు కలపండి. 0.06. ఇంకొకటి. 0.04! ఆపండి. ఇంకొకటి చేస్తే మళ్ళీ పైకి పోవచ్చు. మూడుసార్లు చేయడానికీ బద్ధకమైతే ఒకే ప్లేటులో మూడు గుంటలు నింపి మూడు ప్రయోగాలు అని రాయండి. ఒక్క ఇడ్లీని మూడు ముక్కలు చేసి మూడు ఇడ్లీలు తిన్నానన్నట్టే ఇదీ, కానీ గ్రాఫు మీద చుక్కలు మూడే కనబడతాయి.

తర్వాత ఎవరైనా మళ్ళీ చేసి చూస్తే? చూడరు. ఆమ్‌జెన్ కంపెనీ వాళ్ళు పేరుమోసిన 53 క్యాన్సర్ పేపర్లను మళ్ళీ చేసి చూస్తే ఆరింటికి మాత్రమే అదే ఫలితం వచ్చిందని 2012లో బయటపెట్టారు. మిగతా 47 పేపర్ల వాళ్ళ పట్టాలు ఎవరైనా వెనక్కి తీసుకున్నారా?

7. బ్లాట్ బొమ్మ ఒక్కటి బాగా వస్తే జీవితాంతం వాడుకోండి.

వెస్టర్న్ బ్లాట్‌లో బీటా ఆక్టిన్ గీత చక్కగా, నల్లగా, సమంగా ఎప్పుడో ఒకసారే పడుతుంది. దాన్ని భద్రపరచండి. తిప్పండి, అద్దంలో చూపినట్టు మార్చండి, వెలుతురు పెంచండి, వేరే పేపర్లో వేరే ప్రోటీన్‌గా పరిచయం చేయండి. ఇందులో ఒక్క చికాకుంది. ఎలిజబెత్ బిక్ అనే ఆమె తోటివాళ్ళతో కలిసి 20,621 పేపర్లలోని బొమ్మలను కళ్ళతో వెతికి, సుమారు నాలుగు శాతం పేపర్లలో తేడా ఉందని 2016లో ప్రకటించింది. మీరు తొంభై ఆరు శాతం వైపు చూడండి. ధైర్యం వస్తుంది.

8. సాకులు ముందుగానే కూడబెట్టుకోండి.

సాకు ఎప్పుడూ పెద్దది కావాలి, సొంతది కాకూడదు. ఒంట్లో బాగాలేదంటే సార్ టాబ్లెట్ వేసుకోమంటారు. మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్ రాత్రి ఆగిపోయింది, శాంపిల్స్ అన్నీ కరిగిపోయాయి అంటే ఆయనే కుర్చీలోంచి లేచి మీ భుజం తడతారు. ఫ్రీజర్ నిజంగా ఆగిందా అని ఎవరూ చూడరు, ఎందుకంటే ఏడాదికోసారి నిజంగానే ఆగుతుంది. యాంటీబాడీ ఆర్డర్ పెట్టాం, మూడు కొటేషన్లు కావాలన్నారు, రెండే వచ్చాయి: దీంతో ఒక సెమిస్టర్. జంతువుల ఎథిక్స్ కమిటీ ఇంకా కూర్చోలేదు: దీంతో ఇంకో సెమిస్టర్, పైగా మీరు చాలా నీతిగల మనిషని పేరు. ఆర్ట్స్ కాలేజీ దగ్గర ధర్నా, ఎన్‌సీసీ గేటు మూసేశారు: ఇది ఒక్క రోజుకే వస్తుంది, కానీ కాలాలతో పనిలేకుండా వాడుకోవచ్చు.

రెండు సంస్థల మధ్య ఇరుక్కోవడం అన్నిటికన్నా ఉత్తమం. గైడు క్యాంపస్‌లో, కో-గైడు ఉప్పల్ రోడ్డులో ఉండేలా చూసుకోండి. ఇక్కడ అడిగితే అక్కడున్నాననండి, అక్కడ అడిగితే ఇక్కడున్నాననండి. మధ్యలో తార్నాకలో ఇరానీ చాయ్ ఉంది.

డబ్బు విషయం విడిగా చెప్పాలి. జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37,000, రెండేళ్ళు పోయాక ఎస్‌ఆర్‌ఎఫ్‌కు 42,000. హాస్టల్ గది తీసుకుంటే ఇంటి అద్దె భత్యం రాదు. కాబట్టి కాగితం మీద తార్నాక వీధి నంబర్ 8లో అద్దెకుండండి, ఒళ్ళు మాత్రం దోస్తు హాస్టల్ గదిలో నాన్‌బోర్డర్‌గా పెట్టండి. మీ పరిశోధనలో లెక్క పక్కాగా కుదిరేది ఇదొక్కటే.

9. రోగుల దగ్గరికి పోకండి, పోయినవాళ్ళతో సావాసం చేయకండి.

ఈ చుట్టుపక్కల చెడ్డ ఉదాహరణలు చాలా ఉన్నాయి. పోషకాహార సంస్థనే చూడండి. 1918లో కూనూర్‌లో మెకారిసన్ మొదలుపెట్టిన చిన్న ల్యాబ్ అది, 1958లో ఇక్కడికి వచ్చింది. దాన్ని నడిపిన గోపాలన్‌కు కుదురు లేదు. పెల్లాగ్రా మొక్కజొన్న తినేవాళ్ళ జబ్బని పుస్తకాల్లో ఉంటే, మన దగ్గర జొన్న తినే పేదలకు ఎందుకొస్తోందని పట్టుకున్నాడు. శ్రీకంఠయ్యతో కలిసి 1960లో జొన్నలోని లూసిన్ మీద అనుమానం పెట్టాడు. ఆ అనుమానం మీద తర్వాత ఏళ్ళ తరబడి వాదాలు నడిచాయి. చూశారా, నలుగురూ వాదించగలిగేంత స్పష్టంగా రాస్తే ఇదే తంటా.

అదే సంస్థలోని కృష్ణమాచారి, కృష్ణస్వామి నల్లగొండ ఊళ్ళు పట్టుకు తిరిగారు. ఫ్లోరిన్ నీళ్ళు తాగి నడుములు బిగుసుకుపోవడం పాత కథే, కానీ కుర్రవాళ్ళ మోకాళ్ళు ఒకదానికొకటి తగిలేలా కాళ్ళు వంకరపోవడం కొత్తగా కనబడింది. 1973లో లాన్సెట్‌లో రాశారు. ఫ్లోరిన్ నీళ్ళలో ఉంది అని తేల్చేసి ఊరుకోవచ్చుగా! నాగార్జునసాగర్ కట్టాక భూగర్భ జలం పైకి రావడం, పంటలో మాలిబ్డినం పెరగడం, ఒంట్లో రాగి తగ్గడం దాకా తీగ లాగారు. ఎండలో బావుల దగ్గర నీళ్ళ సీసాలు పట్టుకుని నిలబడాల్సిన పని అది. మీకు వద్దు.

వైశ్యుల రక్తం జోలికి పోయినవాళ్ళు ఇంకో రకం. ఆపరేషన్‌లో కండరాలు సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ కొద్ది నిమిషాల్లో దిగిపోవాలి. కొందరు వైశ్య కుటుంబాల వాళ్ళకు గంటల తరబడి దిగదు, వెంటిలేటర్ మీదే ఉంచాలి. ఆ మందును విరగ్గొట్టే ఎంజైమ్ వాళ్ళ రక్తంలో లేకపోవడమే కారణమని, దాని వెనక జన్యువులో ఒక్క అక్షరం తేడా ఉందని పట్టుకున్నారు. ఇప్పుడు మత్తు డాక్టర్లు ఆపరేషన్‌కు ముందే మీరు కోమట్లా అని అడుగుతారు. ఒక్క పేపరుతో పోయేదానికి డాక్టర్లకు కొత్త ప్రశ్న అంటగట్టారు.

రాస్ కథ మరీ ప్రమాదం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. దానికి ముందు, గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా ఊపించుకోకుండా, చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టేదాకా దోమలను కోస్తూ కూర్చున్నాడు. హుసేన్ ఖాన్ అనే రోగికి, అతన్ని కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. కొటేషన్లు లేవు, కమిటీ లేదు. 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఉస్మానియా కిందే ఉంది. వెళ్ళండి, సెల్ఫీ దిగండి, ఒంటికి పట్టించుకోకుండా తిరిగి రండి.

భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పి ఎవరైనా మిమ్మల్ని రెచ్చగొడితే ఆయన లాభనష్టాలు లెక్కేయండి. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి, కండరంలో ఏటీపీ గుర్తింపు ఇచ్చాడు, హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి పోయాడు. అక్కడ ఫోలిక్ ఆమ్లం తయారు చేయించి, దాని దారికి అడ్డుపడే అణువులనూ చేయించాడు. వాటిలో ఒకదానితో లుకేమియా పిల్లల్లో జబ్బు కొన్నాళ్ళు వెనక్కి తగ్గిందని బోస్టన్‌లో ఫార్బర్ 1948లో చూపించాడు. వాటిలోదే మెథోట్రెక్సేట్, ఇవ్వాళ్టికీ క్యాన్సర్‌కూ కీళ్ళవాతానికీ ఇస్తున్నారు. ఆ 1948లోనే సుబ్బారావు యాభై మూడేళ్ళకు పోయాడు. గ్రీన్ కార్డు, ఇన్‌క్రిమెంట్లు, రిటైర్మెంట్ బెనిఫిట్లు: ఏమీ అనుభవించలేదు.

10. థీసిస్ పది శాతానికి తెగ్గొట్టండి.

యూజీసీ 2018 నిబంధనల్లో పది శాతం దాకా పోలికకు శిక్ష లేదు. నలభై దాటితే ఏడాది ఆపుతారు, అరవై దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. కాబట్టి సీనియర్ రాసిన ప్రతి వాక్యాన్నీ తిప్పి రాయండి. అతను మందు కణాన్ని చంపింది అంటే మీరు కణం మందు చేత హతమైనది అనండి. యంత్రం మాటలు చూస్తుంది, ఆలోచన ఎవరిదో చూడదు.

వైవాలో ఎక్స్‌టర్నల్‌కు స్టేషన్ నుంచి కారు, మంచి బిర్యానీ, మధ్యాహ్నం మూడింటికి రైలు టికెట్ ఏర్పాటు చేయండి. భోజనం తర్వాత మెకానిజం గురించి అడిగినవాడు ఇంతవరకు లేడు. ఒకవేళ అడిగితే, చాలా మంచి ప్రశ్న సార్, అది భవిష్యత్ పరిశోధనకు వదిలిపెట్టాం అనండి.

ఈ చిట్కాలను మీ గైడుకు కనబడకుండా దాచాలనుకుంటున్నారేమో. అక్కర్లేదు. ఆయన థీసిస్ లైబ్రరీలోనే ఉంది, తీసి నాలుగో అధ్యాయం చదువుకోండి.